సవరణ: లివర్ రైఫిళ్లు, బోల్ట్ తిప్పే కోణం గురించి

చేత్తో లోడ్ చేసే రైఫిళ్లను పోల్చిన నా గత పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది భద్రతకు సంబంధించింది కాబట్టి ముందు దాని సంగతి.

"లివర్ రైఫిళ్లలో (ట్రిగ్గర్ దగ్గరి పిడిని కిందికీ పైకీ ఆడించి లోడ్ చేసేవి) మొన తేలిన తూటాలు వాడకూడదు" అని రాశాను. అది గొట్టం మ్యాగజైన్ (తూటాలు నిల్వ ఉండే భాగం గొట్టంలా) ఉన్నవాటికే వర్తిస్తుంది. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు (తూటా అడుగున, దెబ్బ తగిలితే మందును అంటించే భాగం) ఆనుకుంటుంది, కాల్చినప్పటి కుదుపుకు ఆ ముందు తూటా పేలే ప్రమాదం ఉంది. కానీ వించెస్టర్ 1895, బ్రౌనింగ్ బీఎల్ఆర్‌లకు పెట్టె మ్యాగజైన్, సావేజ్ 99కి లోపల తిరిగే మ్యాగజైన్. వాటిలో ఈ ఇబ్బంది లేదు. గొట్టం ఉన్న రైఫిల్ విషయంలో మాత్రం నా హెచ్చరిక అలాగే ఉంటుంది, దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

రెండోది, 60 డిగ్రీలు తిరిగే బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే, హ్యాండిల్ ఉన్న కడ్డీ) 90 డిగ్రీల దానికంటే ఎప్పుడూ వేగం అన్నాను. తిప్పే దూరం తక్కువే. అయితే హ్యాండిల్ పైకి ఎత్తేటప్పుడే, ప్రైమర్‌ను కొట్టే సూది స్ప్రింగ్ బిగిసే డిజైన్ అయితే, అదే పని తక్కువ దూరంలో జరగాలి, హ్యాండిల్ బరువుగా లేస్తుంది. బలంగా లాగితే రైఫిల్ పక్కకు ఒరిగి గురి చెదురుతుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్ట్‌ను ముందుకు తోసేటప్పుడు స్ప్రింగ్ బిగుస్తుంది, అందుకే ఎత్తడం అంత తేలిక. ఆ తేడా చెప్పకుండా కోణం ఒక్కటే చూసి తీర్పు ఇవ్వడం నా పొరపాటు. కొనేముందు భుజం నుంచి దించకుండా ఖాళీ రైఫిల్ బోల్ట్ ఆడించి చూడండి.