సమదర్శి షెడ్డు

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌ను గొడ్ల చావడిలోంచి బయటికి లాగి, గడ్డి దులిపి, వింటేజ్ అని బిరుదు తగిలించి, గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి పాత రంగూ తుప్పూ రాలగొట్టే శాండ్‌బ్లాస్టింగ్ షెడ్డుకు తోలడం మా తిరుపతిలో పెద్దమనిషి తరహాగా స్థిరపడింది. మా నాన్నగారి కారు పుణ్యమా అని ఆ పెద్దరికం నాకూ పట్టింది.

రేణిగుంట వైపున్న ఆ షెడ్డు యజమాని గొప్ప సమదర్శి. కొండమీద స్వామి దర్శనానికే రకరకాల క్యూలుండగా, ఆయన వద్ద లారీ చాసిస్‌కూ, ఇనుప గేటుకూ, ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మందమున్న నా బానెట్‌కూ ఒకే నాజిల్, ఒకే ప్రెషర్, ఒకే ఏటి ఇసుక. పలుచని రేకుకు ప్రెషర్ తగ్గించి సోడా పొడినో ప్లాస్టిక్ గుళికలో వాడాలనే భేదబుద్ధి ఆయనకు లేదు. ఇసుక రేణువులు లక్షల సుత్తులై ఒక ముఖాన్నే బాదితే ఆ వైపు పొర సాగి రేకు ఉబ్బుతుందన్న సంగతి ఆయన దాకా చేరలేదు. చేరినా లోపలికి రానిచ్చేవారు కాదు.

మూడోనాడు నా బానెట్ నూనెలో వేసిన అప్పడంలా ఇంటికొచ్చింది. ఎడమవైపు వేలితో నొక్కితే టపక్కుమని దిగి కుడివైపు లేచేది, కుడివైపు నొక్కితే ఎడమవైపు లేచేది. వీధి పిల్లలు వంతులు వేసుకొని సాయంత్రం దాకా వాయించారు. ఎదురింటి మృదంగం మాస్టారు కూడా ఒకసారి తాళం వేసి, శ్రుతి కుదరలేదని తేల్చారు. ప్రైమర్ వేయకుండా రాత్రంతా ఆరుబయట ఉంచినందున మంచుకు తడిసి, తెల్లారేసరికి కొత్త తుప్పుతో పసుపు పూసినట్లుంది. ఫోన్ చేస్తే, ‘‘ఎండకట్లా లేచింటాది సార్, పుట్టీ పెడితే సర్దుకుంటాది’’ అన్నారు యజమాని.

బానెట్ పోతే పోయింది. ఆ నాజిల్ పట్టుకున్న పిల్లవాడికి ముఖాన తడి తువ్వాలు తప్ప మరేమీ లేదు. పగిలిన ఇసుకలోంచి లేచే సిలికా ధూళిలో కంటికి కనిపించనిదే ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. తువ్వాలు దానిని ఆపదు. అలా వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు నయం కాదు. బ్రిటన్ 1950లోనే ఇటువంటి పనిలో ఇసుకను నిషేధించింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా సిలికోసిస్ పేరు రాసుకుంది, చట్టం పుస్తకంలో ఉంది, పుస్తకం ఎక్కడుందో అడగకండి. కంప్రెసర్ పీల్చే గాలికి మాత్రం ఫిల్టరుంది, దుమ్ము పడితే కంప్రెసర్ పాడవుతుందని దానిని వేళకు మారుస్తారు. ఇనుము పీల్చే గాలిని వడగట్టి మనిషి పీల్చే గాలిని వదిలేసిన ఈ దుర్మార్గానికి సమదర్శనమని పేరు పెట్టి నవ్వించబోయిన నాకు సిగ్గుండాలి.

దగ్గు వస్తోందా అని ఆ పిల్లవాడినడిగితే, ‘‘అలవాటై పోయింది సార్’’ అని తువ్వాలు పిండుకున్నాడు. ఎర్రటి బురద కారింది. బిల్లులో ఇసుకకు వేరుగా, డీజిలుకు వేరుగా లెక్క వేశారు. తువ్వాలుకు ఏమీ వేయలేదు. నేను బేరమాడి రెండు వందలు తగ్గించుకొని కట్టి వచ్చాను.