నెల లెక్క పనివాళ్లకూ తెలియాలి

వరంగల్, హన్మకొండల్లో పది పదిహేను మందితో నడిచే సంస్థలు చాలానే ఉన్నాయి. మిర్చి పొడి పట్టే యూనిట్లు, కొత్తవాడ దర్రీల తయారీ, ప్రింటింగ్ ప్రెస్‌లు, చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులు. వీటిలో ఎక్కువచోట్ల వ్యాపారం ఎలా సాగుతోందో ఓనర్‌కు, ఆడిటర్‌కు తప్ప మరొకరికి తెలియదు. ఈ పద్ధతి మారాలి. నెలకోసారి సిబ్బందినంతా కూర్చోబెట్టి లెక్క చెప్పాలి.

ఇందుకోసం కొత్తగా లెక్కలు తయారు చేయాల్సిన పని లేదు. నెలనెలా జీఎస్టీ 3బీ రిటర్న్ వేసేవాళ్లు 20వ తేదీకల్లా అమ్మకాలు, కొనుగోళ్లు తేల్చుకోవాల్సిందే. ప్రభుత్వానికి చెప్పే అంకెల్లో కొన్నైనా పనిచేసేవాళ్లకు ఎందుకు చెప్పకూడదు?

అమ్మకాల కన్నా ముఖ్యంగా చెప్పాల్సింది రావాల్సిన బాకీల గురించి. లోడు మీద లోడు పోతుంటే డబ్బు వచ్చిపడుతోందనే సిబ్బంది అనుకుంటారు. సరుకు ఉద్దెరకు పోయిందని, నెలలు గడిచినా పైసా రాలేదని వాళ్లకు తెలియదు. జీతం పది రోజులు ఆలస్యమైతే 'సేటు కొత్త ప్లాటు కొన్నాడట' అన్న మాట పుడుతుంది. పని బాగా తెలిసినవాడే ముందుగా ఇంకోచోటు చూసుకుంటాడు. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, రిజిస్టరైన చిన్న తయారీదారు దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు ఒప్పందం ఏదున్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. ఆ గడువు దాటిన బాకీలు ఎన్నో నెల లెక్కలో ఒక వరుసగా చూపిస్తే చాలు, పాత డబ్బు రాకుండా కొత్త లోడు ఎందుకు పంపుతున్నామని గోదాం దగ్గరి మనిషే అడుగుతాడు.

'చెప్పినా వాళ్లకేం అర్థమవుతుంది' అంటారు కొందరు. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్లలో పొదుపు సంఘాల సభ్యులు ఎంతోమంది. అక్కడ ఎంత జమైంది, బ్యాంకు లోన్ ఎంత తీరింది, ఎవరి కిస్తీ ఆగింది అన్నది అందరి ముందే తేలుతుంది. సంఘాల పంచసూత్రాల్లో క్రమం తప్పని సమావేశం, పుస్తకాల నిర్వహణ రెండూ ఉన్నాయి. ఏళ్లుగా అలా లెక్కలు చూసిన మనిషికి అమ్మకం, ఖర్చు, బాకీ అర్థం కావా?

అమెరికాలోని మిస్సోరీలో 1983లో జాక్ స్టాక్, తోటి మేనేజర్లు ఇంజన్లు బాగుచేసే ఫ్యాక్టరీని కొన్నారు. సొంత డబ్బు లక్ష డాలర్లు, అప్పు 89 లక్షలు. అంత అప్పులో ఉండి కూడా లెక్కలు కార్మికుల ముందు పెట్టారు, వాటిని చదవడం నేర్పారు. ఎస్ఆర్‌సీ అనే ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

ఎవరి జీతమెంత, ఏ పార్టీకి ఏ రేటు అన్నవి చెప్పనక్కర్లేదు. లాభం చూస్తే జీతం పెంచమంటారన్న భయం మాత్రం నిజమే. అడుగుతారు, అడగడం న్యాయమే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర పెరిగి మిగులు తగ్గిన నెలలో కొంచెం ఆగమని చెప్పడానికి ఓనర్‌కూ ఆ నెల లెక్కే ఆధారం.

నష్టం వచ్చిన నెలలో నోరు విప్పడం కష్టం. అయినా మానకూడదు. నాలుగు మంచి నెలలు చెప్పి ఐదో నెల మీటింగ్ ఎగ్గొడితే సిబ్బందికి టెన్షన్ ఇంకా ఎక్కువవుతుంది. ఇంత తగ్గింది, ఈ డబ్బు రావాలి, జీతాలు ఫలానా తేదీకి ఇస్తాం అని ఆ రోజే చెప్పాలి. ఇంటి కిరాయికీ పిల్లల ఫీజుకూ ఆ తేదీనే నమ్ముకున్నవాళ్లకు ఇంకో దారి వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది.