సర్వేయరు గారి బొంత

(నెల్లూరు, మూలాపేట. చాప మీద గుడ్డపీలికల గుట్ట. ఆయన సర్వే శాఖలో రిటైరయ్యారు. ఆవిడకు ఇంకా ఆ యోగం పట్టలేదు.)

ఆయన: ఏమే, నా వెంకటగిరి పంచె కనబడటం లేదు.

ఆవిడ: వెంకటగిరి 2022లోనే మన జిల్లా వదిలి తిరుపతి జిల్లాలో కలిసింది కదండీ. పంచె కూడా దాని వెంటే పోయిందేమో.

ఆయన: పరాచికాలు ఆపు. పాతదైనా పెళ్లిళ్లకు నేను కట్టేది అదే. ఇంతకీ ఈ సంచి ఎందుకు గుమ్మరించావు?

ఆవిడ: కందుకూరులో మనవరాలికి అతుకుల బొంత. అడ్డం, నిలువు 36 అంగుళాలు. ఊరికే నిలబడే బదులు ముక్కలు నలుచదరంగా కత్తిరించి పెట్టండి.

ఆయన: ముప్పై ఏళ్లు భూములు కొలిచిన చెయ్యి ఇది! వరుసకు 8, అలాంటివి 8 వరుసలు. మొత్తం 64 ముక్కలు. ఒక్కొక్కటి నాలుగున్నర అంగుళాలు.

ఆవిడ: (సూదిలో దారం ఎక్కిస్తూ) అంతేనంటారా?

ఆయన: లెక్క లెక్కే!

(స్కేలు, పెన్సిలు, కళ్లజోడు. హద్దురాళ్లు పాతినంత శ్రద్ధ. రెండు కాఫీలు అయ్యాయి.)

ఆయన: ఈ జరీ ముక్క మధ్యలో వేద్దాం. ధగధగలాడుతుంది.

ఆవిడ: పసిదాని బుగ్గ గీసుకుపోతుంది. అన్నీ నూలువే ఉండాలి. ఆ ఎరుపు కూడా తీసేయండి, నీళ్లలో ముంచితే రంగు దిగింది. పక్కనున్న తెల్లముక్కలన్నీ పాడవుతాయి.

ఆయన: మీ అన్నయ్య పెట్టిన చీరేగా అది!

ఆవిడ: మా అన్నయ్య పెట్టింది రంగు దిగింది. మీ చెల్లెలు పెట్టింది ఉతక్కముందే చిరిగింది.

(మర్నాడు సాయంత్రం. ముక్కలన్నీ ఒకటయ్యాయి. ఆయన టేపు పరిచారు.)

ఆయన: ముప్పై రెండున్నరే! మూడున్నర అంగుళాలు ఎవరు ఆక్రమించారు?

ఆవిడ: కుట్టు. ప్రతి ముక్కకూ ఒక్కో వైపు పావు అంగుళం కుట్టులోకి పోతుంది. మీ నాలుగున్నర నాలుగైంది. అయిదంగుళాలకు కత్తిరించాల్సింది.

ఆయన: తెలిసీ నోరు మెదపలేదా?

ఆవిడ: లెక్క లెక్కే అన్నారుగా. పోనీలెండి, చుట్టూ రెండంగుళాల అంచు వేస్తే సరిపోతుంది.

ఆయన: గంతకు తగ్గ బొంత అని ఊరికే అన్నారా!

ఆవిడ: ఆ గంత ఎవరో కూడా చెప్పండి.

(ఆయన వినలేదు. పైన అతుకులు, మధ్యలో పాత నూలు చీర, అడుగున ఇంకో గుడ్డ. మూడూ కదలకుండా ఆవిడ కచ్చా కుట్టు వేసింది. ఆయన బొంత తిరగేసి నిమిరారు.)

ఆయన: అడుగు గుడ్డ వెన్నలా ఉందే. ఎక్కడ దొరికింది?

ఆవిడ: కొత్త గుడ్డకు ఆ మెత్తదనం రాదండీ. పాతికేళ్లు ఉతకాలి.

ఆయన: ఈ ఆకుపచ్చ అంచు ఎక్కడో చూసినట్టు... ఏమే!

ఆవిడ: వెంకటగిరి జిల్లా దాటిపోతే పోయింది. మీ పంచె మాత్రం మనవరాలిని దాటి పోదు లెండి.