స్పైడర్‌మ్యాన్ అద్దె కట్టాలి

నిన్న రాత్రి మా అక్క కొడుకుతో గొడవైంది. ఇంటర్ చదువుతున్నాడు వాడు. గొడవ మార్కుల గురించి కాదు, ఫోన్ గురించి కూడా కాదు. సినిమాల్లో ఆ వేషం వేసిన ముగ్గురిలో ఎవరు అసలైన వాడని, స్పైడర్‌మ్యాన్ గురించి. "మామా, మీ టోబీ మాగ్వైర్ స్కూల్లో కూర్చుంటే సార్ వచ్చి కూర్చున్నట్టు ఉంది. మా టామ్ హాలండే కరెక్ట్" అన్నాడు. నేనేదో గట్టిగా అనబోతే మా అక్క వంటింట్లోంచి "మీ ఇద్దరికీ ఏమన్నా బుద్ధుందా, పదకొండైంది" అని అరిచింది. అప్పటికి ఊరుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే ఈ పోస్ట్. తిట్టాలనుకునేవాళ్లు ఆఖరి దాకా చదివి తిట్టండి.

ఎవరు బాగా ఎగిరారు, ఎవరి సూట్ బాగుంది, ఎవరికి మంచి విలన్ దొరికాడు, ఇవన్నీ పక్కన పెట్టండి. నా లెక్క ఒకటే. ముసుగు వెనకున్న ఈ పీటర్ పార్కర్ జేబులో డబ్బులున్నాయా లేవా? లేకపోతే వాడు స్పైడర్‌మ్యాన్. ఉంటే ఎర్ర బట్టలేసుకున్న ఇంకో హీరో, అంతే. ఇది నేను కల్పించింది కాదు. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో రాసి గీసిన మొట్టమొదటి కథలోనే వీడికి శక్తి రాగానే చేసిన పని, డబ్బు కోసం కుస్తీ బరిలోకి దిగడం. ఆ మరుసటి ఏడాది వచ్చిన కామిక్‌లో వీడికి స్పైడర్‌మ్యాన్ పేరు మీద చెక్కు ఇస్తారు. బ్యాంకులో క్లర్కు ఐడీ చూపించమంటాడు. ఏం చూపిస్తాడు? చెక్కు చేతిలో ఉంది, డబ్బు లేదు. కేవైసీ కాక తిప్పలు పడ్డ హీరో లోకంలో వీడొక్కడే.

ఇప్పుడు సినిమాల్లోకి రండి. దొంగను వదిలేసే సీన్ అందరికీ గుర్తుంటుంది. వీడు పట్టుకోగలిగి కూడా పట్టుకోడు, ఆ దొంగ చేతిలోనే వీణ్ణి పెంచిన బెన్ చచ్చిపోతాడు. 2002లో టోబీతో సామ్ రైమీ తీసిన సినిమాలో దాని వెనక ఉన్న లెక్క చూడండి. మూడు నిమిషాలు బరిలో నిలబడితే మూడు వేల డాలర్లని ప్రకటన. మన వాడు రెండు నిమిషాల్లోనే అవతలి వాణ్ణి పడగొట్టాడు. నిర్వాహకుడు వంద చేతిలో పెట్టి, మూడు నిమిషాలన్నాం, నువ్వు రెండే ఉన్నావు కదా అన్నాడు. పని త్వరగా చేసినందుకు కూలి కోత! మన దగ్గర మేస్త్రీ దగ్గర పని చేసిన వాడెవడికైనా ఈ సీన్‌కి సబ్‌టైటిల్స్ అక్కర్లేదు. ఆ కడుపుమంటతోనే, వాడి డబ్బు ఎత్తుకుపోతున్న దొంగకి పక్కకి జరిగి దారిచ్చాడు. వాడి స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. ఆ సీన్ బలం అదే, తప్పు మన చేతుల్లోంచి జరిగినట్టే ఉంటుంది.

2012లో ఆండ్రూ గార్ఫీల్డ్ వచ్చాడు. ఈసారి కొట్లో చాక్లెట్ పాలు కొంటాడు, రెండు సెంట్లు తక్కువ పడతాయి. సెంట్లంటే మన సెంట్లు కాదు లెండి. తిరుపతిలో రెండు సెంట్లుంటే ఇల్లు కట్టుకుని మేడ మీద ఒక పోర్షన్ అద్దెకిచ్చుకోవచ్చు. అక్కడది చిల్లర. కొట్టు వాడు ఆ చిల్లర కూడా వదలడు. అంతలో దొంగ గల్లాపెట్టె ఊడ్చుకుపోతూ ఆ పాలు వీడి చేతికే విసిరేసి పోతాడు. ఐడియా నిజంగా మంచిది. కానీ ఈ పీటర్ జేబులో రెండు సెంట్లు లేకపోవడం ఆ రోజు అనుకోకుండా జరిగిందే. వాడి బతుకే అంత కాదు. తేడా అక్కడ.

ఇక హాలండ్ దగ్గరికి వస్తే అసలు దొంగే లేడు. 2016లో వాడు తెర మీదికి వచ్చేసరికే బెన్ పోయి ఉంటాడు, ఎలా పోయాడో చూపించరు. 2019 సినిమాలో సూట్‌కేస్ మీద బెన్ పేరుకి గుర్తుగా బి.ఎఫ్.పి. అని మూడక్షరాలు. ఓ మనిషి జీవితానికి మిగిలింది అంతే. రెండుసార్లు చూశాం కదా, మూడోసారి ఎందుకంటారా? సరే. రామాయణం మనం ఎన్నిసార్లు చూశాం?

నాకు ఈ డబ్బు పిచ్చి ఎందుకంటే, 2004లో టోబీ రెండో సినిమా వచ్చినప్పుడు నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. కొర్లగుంటలో ముగ్గురం ఒక గది. సాయంత్రాలు ఒక మెస్ నుంచి లాడ్జీలకి సైకిల్ మీద క్యారియర్లు మోసేవాణ్ణి. హ్యాండిల్‌కి అటు రెండు, ఇటు రెండు. ఒకదానికి క్లిప్పు సరిగ్గా పడేది కాదు, దానికి ఎప్పుడూ గుడ్డ చుట్టేవాణ్ణి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు నాలుగు కాళ్ల మండపం దగ్గర జనంలో ఇరుక్కుపోయాను. లాడ్జి మూడో అంతస్తుకి ఎక్కేసరికి సాంబారు సగం నా ప్యాంటు మీదుంది. తలుపు తీసిన ఆయన క్యారియర్ చూసి, గడియారం చూసి, "ఇంకెందుకయ్యా, మేం హోటల్లో తినేశాం, తీసుకుపో" అన్నాడు. మెస్ ఓనరు ఆ నాలుగు భోజనాలు నా లెక్కలోంచే తీసేశాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే తెలుగు డబ్బింగులో ఆ సినిమా చూశాను. మొదలవడమే పీటర్ పిజ్జాలు మోసుకుపోతూ మొదలైంది. 29 నిమిషాల్లో చేర్చాలి. స్పైడర్‌మ్యాన్ అయ్యుండి కూడా వాడికి టైం చాలలేదు. చీపుర్లు పెట్టే గదిలో బట్టలు మార్చుకుని, మీద పడుతున్న చీపుర్లని లోపలికి నెట్టి తలుపు మూస్తుంటాడు. కౌంటర్లో అమ్మాయి గడియారం చూసి, ఆలస్యమైంది, డబ్బులివ్వను అంటుంది. హాల్లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ప్యాంటు మీద సాంబారు వాసన వచ్చింది.

అదే సినిమాలో ఇంకో సీన్ ఉంది, ఫైట్ల హడావుడిలో జనం మర్చిపోతారు. పీటర్ పుట్టినరోజు. ఇంటి అప్పు కట్టలేక బ్యాంకు నోటీసు వచ్చిందని వాడికి తెలుసు, తెలిసిందని బెన్ భార్యకీ తెలుసు. ఆమె పేరు మే. వాడి చేతిలో ఇరవై డాలర్లు పెడుతుంది. వాడు వద్దంటాడు. అప్పుడామెకి కోపం వస్తుంది. తీసుకో అని అరిచి, వెంటనే ఏడుస్తుంది. మా పెద్దమ్మ అచ్చం అంతే. పాకాల నుంచి బస్సెక్కేటప్పుడు వక్కాకు సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన ఇరవై నోటు తీసి చొక్కా జేబులో కుక్కేది. వద్దంటే, "నీకేం పెట్టలేనని చెప్పి పోతావా?" అని తిట్టేది. ఆ నోటుకి సున్నం వాసన.

పెద్దమ్మ అంటే గుర్తొచ్చింది. ఇంగ్లీషులో ముగ్గురినీ ఆంట్ మే అనేస్తారు. మనం అలా అనలేం. రైమీ సినిమాల్లో రోజ్మెరీ హారిస్ ఖచ్చితంగా పెద్దమ్మ, ఇంకాస్త అంటే అవ్వే. గార్ఫీల్డ్ సినిమాల్లో శాలీ ఫీల్డ్ కూడా పెద్దమ్మే, కాకపోతే ఇంకా ఉద్యోగం చేసే పెద్దమ్మ. 2014 సినిమాలో వీడి చదువు కోసం నర్సు ట్రైనింగ్‌కి కూడా పోతుంది. అక్కడ నా లెక్కకి చాలా దగ్గరగా వచ్చారు, ఒక సీన్ కాగానే వదిలేశారు. హాలండ్ ఇంట్లో మరీసా టోమే మాత్రం పిన్నమ్మ. జోకులేసే పిన్నమ్మ, ఊళ్లో కుర్రాళ్లు తిరిగి చూసే పిన్నమ్మ. ఈ వరస మారడంతోనే కథ మారిపోయింది. పెద్దమ్మని పోషించాలి. పిన్నమ్మ వీణ్ణి పోషిస్తుంది. ఇంక వీడికి బాధ్యత ఎక్కడిది?

గార్ఫీల్డ్‌ని చిన్న చూపు చూస్తున్నానని అనుకోకండి. మాటకి మాట అనే స్పైడర్‌మ్యాన్ వాడే. వాడి ప్రేయసి గ్వెన్ గడియారం టవర్లోంచి పడిపోయే సీన్లో దారం అందుతుంది, మనిషి దక్కదు. నేను మళ్లీ చూడలేను అది. ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లూ కలిసిన 2021 సినిమాలో ఇంకో అమ్మాయి పడిపోతుంటే వాడే దూకి పట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ నిలబడితే మా మేనల్లుడు కూడా నోరు మూసుకుని చూశాడు. ఆ ఒక్కసారే.

హాలండ్‌తో నా గొడవంతా ఆ సూట్ గురించి. ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్ ఇచ్చాడు. మాట్లాడుతుంది, దారి చెబుతుంది, సలహాలిస్తుంది. మామగారు కొనిచ్చిన బుల్లెట్ మీద తిరుగుతూ మీసం మెలేసే అల్లుడిలా ఉంటాడు నాకు. అయితే 2017 సినిమా తీసినవాళ్లకి ఈ సంగతి తెలుసు, అది ఒప్పుకోవాలి. సూట్ లేకపోతే నువ్వు ఏమీ కాకపోతే అసలు అది నీ దగ్గర ఉండకూడదని స్టార్క్ వెనక్కి లాక్కుంటాడు. తర్వాత పాత బట్టల్లో, పైకప్పు తన మీద కూలడంతో శిథిలాల కింద ఇరుక్కుని, ఎవరైనా ఉన్నారా, సాయం చేయండి అని పదిహేనేళ్ల పిల్లాడిలా ఏడుస్తాడు. పిల్లాడే కదా. టోబీకి అలాంటి సీన్ లేదు. ఇది మా వాడికి చెప్పలేదు, చెబితే నెత్తినెక్కుతాడు.

ఆ సినిమాలోనే ఇంకోటి నాకిష్టం. దారం వేయడానికి ఎత్తైన బిల్డింగ్ ఒక్కటీ లేక, గోల్ఫ్ మైదానంలో కాళ్లీడ్చుకుంటూ పరిగెత్తుతాడు. తిరుపతిలో పుట్టుంటే వీడి బతుకంతా అంతే. ఊళ్లో ఫ్లైఓవర్ మీద దీపస్తంభం నుంచి దీపస్తంభానికి రెండు ఊపులు, తర్వాత అలిపిరి దాకా ఆటో. కొండకి మాత్రం నడకే, 3,550 మెట్లు.

టోబీ మూడో సినిమా గురించి ఎవరూ మంచి మాట చెప్పరు, నేనూ పెద్దగా చెప్పను. ఆ డాన్సు నాకూ సిగ్గే. కానీ 2007 నాటి ఆ సినిమాలో ఒక తలుపుంది. గది తలుపు సరిగ్గా తెరుచుకోదు. నల్ల సూట్ పొగరు తలకెక్కిన పీటర్, అద్దె అడిగిన ఇంటాయన మీద, ముందు తలుపు బాగు చేయించు, తర్వాత అద్దె అని అరుస్తాడు. రెండో సినిమా నుంచీ అద్దె అద్దె అని ప్రాణం తీసిన ఆ ముసలాయన తిరిగి తిట్టడు. మంచి పిల్లోడు, ఏదో కష్టంలో ఉన్నట్టున్నాడు అంటాడు. మూడు సినిమాలకీ నేను డబ్బులిచ్చింది ఆ మాటకే అనుకుంటాను.

ఇంతా రాసి పొద్దున మా వాణ్ణి కూర్చోబెట్టి 2021 సినిమా ఆఖరి పది నిమిషాలు మళ్లీ పెట్టాను. స్టార్క్ లేడు, పిన్నమ్మ లేదు, మంత్రం వల్ల లోకంలో ఎవరికీ వీడు గుర్తు లేడు. అట్టపెట్టెతో ఒక చిన్న గదిలోకి వస్తాడు. ఇంటాయన, ఒకటో తారీఖున అద్దె, ఆలస్యం చేయొద్దు అని చెప్పి పోతాడు. కుట్టుమిషన్ ముందు పెట్టుకుని సూట్ తనే కుట్టుకుంటాడు. "చూశావా, ఇన్ని సినిమాలు తిరిగి తిరిగి ఎక్కడికొచ్చాడో" అన్నాను, గెలిచినట్టు.

వాడు కాసేపు స్క్రీన్ వంకే చూశాడు. మొన్నే వాళ్ల అన్నకి తిరుచానూరు రోడ్డులో గది వెతకడానికి నాతో పాటు తిరిగాడు, పది ఇళ్లు ఎక్కి దిగాం.

"అది సరే మామా, ఎవరికీ గుర్తు లేడు కదా. మూడు నెలల అడ్వాన్స్ ఎవరిచ్చినట్టు?"