అపచారానికి ఉద్దేశం అక్కర్లేదు, నేరానికి కావాలి

2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం రేగినప్పుడు చెన్నై టీ నగర్‌లోని తెలుగిళ్లలోనూ వినిపించిన మాట 'అపచారం'. ఎవరి తప్పో తేలకముందే అది తీర్పులా పడిపోయింది.

నిజానికి ఆలయాల్లో అది అంత ఆవేశపు మాట కాదు. మంత్రం తప్పినా, మైల అని తెలియక గర్భగుడి దాకా వెళ్లినా అపచారమే. చేసినవారి మనసుతో దానికి పని లేదు. విరుగుడుగా సంప్రోక్షణ ఉంది, శాంతి హోమం ఉంది. ఏడాదంతా తెలిసీ తెలియక దొర్లిన లోపాలకు తిరుమలలో శ్రావణ మాసంలో మూడు రోజులు పవిత్రోత్సవాలు చేస్తారు. మనుషులన్నాక తప్పులు జరుగుతాయని ముందే ఒప్పుకొన్న ఏర్పాటు ఇది. జైలు ఊసే ఉండదు.

చట్టం అలా కాదు. ప్రార్థనా స్థలాలనో పవిత్ర వస్తువులనో పాడుచేయడం, అపవిత్రం చేయడం గురించి చెప్పే పాత శిక్షాస్మృతిలోని 295వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 298వది, చేసినవారి మనసునే తరచి చూస్తుంది. అవమానించే ఉద్దేశమో, అవమానంగా తీసుకుంటారన్న ఎరుకో ఉంటేనే నేరం.

1953లో హేతువాద నాయకుడు పెరియార్ తిరుచిరాపల్లిలో పదిమందీ చూస్తుండగా మట్టి వినాయకుడిని పగలగొట్టారు. ఆ బొమ్మ పూజలందుకునే విగ్రహం కాదు కనుక నేరం లేదని మేజిస్ట్రేటు ఫిర్యాదును కొట్టేశారు. మద్రాసు హైకోర్టూ జోక్యం చేసుకోలేదు. 1958లో సుప్రీంకోర్టు ఆ వాదనను తప్పుపట్టింది: ఏ వర్గమైనా పవిత్రంగా భావించేదేదైనా పవిత్ర వస్తువేనంది. కాలం గడిచిపోయిందని కేసు మాత్రం తిరగదోడలేదు. ఈ నిర్వచనం న్యాయమైనదే. కానీ 'భావించడం' ఎంత దూరమైనా పోతుంది కనుక, ఉద్దేశం రుజువు చేయాలన్న షరతును గట్టిగా పట్టుకోవాలి.

ఆ షరతు ఎందుకు కావాలో తమిళనాడులోని కముది ఊరి ఆలయం చెబుతుంది. 1897లో, అప్పట్లో గుడిలోకి రానివ్వని నాడార్ కులస్థులు అందులోకి వెళ్లి పూజ చేస్తే గుడి మైలపడిందని రామనాథపురం జమీందారు దావా వేశారు. 1908లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ కూడా నాడార్లకు ప్రవేశ హక్కు లేదనే తేల్చింది. భక్తితో దండం పెట్టినవారే దోషులయ్యారు!

1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం ఆ లెక్క మార్చింది. అయినా దళితులు వెళ్లాక గుడి కడిగారన్న వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి. అలాంటి చోట పోలీసులు ఉద్దేశం ఏమిటని అడగాల్సింది లోపలికి వెళ్లినవారిని కాదు, కడిగించినవారిని.