‘3 రాత్రులు 4 పగళ్ళు’ గారికి

కడప,
మధ్యాహ్నం ఒంటిగంట, గుళ్ళు మూసే వేళ.

మహారాజశ్రీ ‘3 రాత్రులు 4 పగళ్ళు, రాయలసీమ స్పెషల్’ అనే టూర్ ప్యాకేజీ ఐటినరరీ (ప్రయాణ ప్రణాళిక) గారి సముఖానికి, మీరు అమ్మిన టూరును ఇక్కడ బండి, గది, గైడు పెట్టి నడిపే కడప లోకల్ పార్టనర్లు రాసుకునే మనవి. ఉభయకుశలోపరి. మీ క్షేమం ఆ రంగురంగుల పీడీఎఫ్ చూస్తేనే తెలుస్తోంది. మా క్షేమం సంగతి బిల్లు పాసయ్యాక రాస్తాం.

సామీ, మీరు పుట్టింది హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఓ ఏసీ గదిలో. ఫోన్‌లో మ్యాపు తెరిచి, లేపాక్షి మీద ఒక వేలు, గండికోట మీద ఇంకో వేలు పెట్టి మిమ్మల్ని కన్నారు. మొదటి రోజు మీ రాత ఇదీ: పొద్దున 6కు బెంగుళూరు, లేపాక్షి దర్శనం, సాయంత్రం గండికోటలో సూర్యాస్తమయం. చదవడానికి పద్యంలా ఉంది. బెంగుళూరు నుంచి లేపాక్షి 120 కిలోమీటర్లు. అక్కడి నుంచి గండికోట 200కు పైనే. పన్నెండు మంది గ్రూపు 6కు అంటే బండి కదిలేది 7కు. టిఫిను, బాత్రూము, టీ కలిపి గంట. వీరభద్రుడి గుడి, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఒక్కొక్కరూ ఫోటో, ఆ పైన నంది, హిందూపురంలో భోజనం. రెండు దాటుతుంది. డిసెంబరులో సూర్యుడు ఆరు కాకముందే దిగిపోతాడు, మన బండి ముద్దనూరు చేరేదాకా ఆగడు. ఆయనకు మనం అడ్వాన్సు ఇవ్వలేదు కదా.

ఏప్రిల్‌లో ఇదే ప్లాను నడిపితే ఇంకో ముచ్చట. లేపాక్షిలో చెప్పులు బయటే వదలాలి. పన్నెండు గంటల ఎండలో ఆ రాతి బండల మీద నడక నిప్పుల గుండమే. అందుకే మేము బండిలో రెండు డజన్ల సాక్సులు పెట్టుకుంటాం. మీ ‘ఇన్‌క్లూజన్స్’లో, అంటే రేటులో కలిపినవాటి జాబితాలో, సాక్సులు లేవు, కాబట్టి ఆ డబ్బు మాదే.

దీనికి మందు చిన్నది. లేపాక్షిని తిరుగుదారికి మార్చి, మొదటి రోజు బెంగుళూరు నుంచి నేరుగా గండికోటకు రావాలి. రెండో రోజులో ఇరికించిన అహోబిలానికి వేరే ట్రిప్పు పెట్టుకోవాలి. ప్రతి కొటేషన్‌లోనూ ఇది రాస్తాం. ప్రతిసారీ ఒకటే జవాబు: ‘క్లయింట్‌కు ఇప్పటికే పంపేశాం.’ మీరు అచ్చయ్యాక మా దగ్గరికొస్తారు. దారి అడగడానికి కాదు, రేటు అడగడానికి. అదీ మా ఒక్కరినే కాదు. ఒకే మెయిలు అయిదుగురికి పోతుంది, దారి ఒకరిది, గైడు ఇంకొకరి మాట మీద, రేటు అందరికన్నా తక్కువ చెప్పినవాడిది. ఆ తక్కువ చెప్పినవాడు గైడును, పార్కింగును, డ్రైవరు బసను వదిలేసి లెక్క కట్టాడని తెలిసేది గండికోటలో డ్రైవరు స్టీరింగు మీద తలపెట్టి పడుకున్నప్పుడు. మర్నాడు 5 గంటలకు సూర్యోదయానికని లేపేది ఆ మనిషినే.

రెండో రోజుకొద్దాం. గండికోట సూర్యోదయం, బెలూం గుహలు, యాగంటి, ఆ తర్వాత అహోబిలంలో ‘నవ నారసింహ క్షేత్రాలను కవర్ చేయుట: 2 గంటలు’. కవర్ చేయడానికి అదేమన్నా పరుపా సామీ? జ్వాలా నారసింహుడి దగ్గరికి ఎగువ అహోబిలం నుంచి భవనాశిని ఏటి వెంబడి రాళ్ళ మీద నడిచి ఎక్కాలి. పావన నారసింహుడు అడవిలో, జీపు దారి. దిగువకూ ఎగువకూ మధ్యే 8 కిలోమీటర్లు. తొమ్మిదీ చూడాలంటే మోకాళ్ళు బాగున్నవాళ్ళకే రెండు రోజులు. పైగా ఒంటిగంటకు కాస్త అటూ ఇటూగా గుడి తలుపులు మూస్తారు. మీ బండి ఎప్పుడూ సరిగ్గా ఆ వేళకే వస్తుంది.

బెలూంకు మీరిచ్చింది 45 నిమిషాలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రికార్డు చేసిన గుహ అది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, జనాన్ని వెళ్ళనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. పాతాళగంగ దగ్గర లోతు 46 మీటర్లు. లోపల ఉక్క. పది నిమిషాల్లో చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, కొన్నిచోట్ల వంగి నడవాలి, ఫోను పనిచేయదు. పన్నెండు మంది వెళ్ళి రావడానికి రెండు గంటలు. మీరేమో ‘ఈజీ వాక్, అన్ని వయసులవారికి’ అని రాస్తారు. ఆయాసం ఉన్న పెద్దాయన మెట్ల దగ్గర మమ్మల్ని చూసే చూపు మీ పీడీఎఫ్‌లో పడదు. కనీసం బుకింగు ఫారంలో ‘ఆస్తమా, మోకాళ్ళ నొప్పి ఉన్నాయా’ అని ఒక్క గడి పెట్టండి. బయట కుర్చీ, కొబ్బరిబోండం మేము చూసుకుంటాం.

గదుల లెక్క చూడండి. ఒక్కొక్కరికి రేటు ‘ట్విన్ షేరింగ్’ మీద, అంటే ఇద్దరికో గది లెక్కన, అమ్మారు: 12 మంది, 6 గదులు. గది నెట్ రేటు 3,000 అనుకుంటే తలకు 1,500. ముందురోజు రూమింగ్ లిస్టు (ఏ గదిలో ఎవరో చెప్పే జాబితా) వస్తుంది: 4 డబుల్, 1 ట్రిపుల్, 1 సింగిల్. ఇప్పుడూ 12 మందే, 6 గదులే, కాబట్టి ‘నో చేంజ్’ అంటారు. ఆ ఒంటరి మనిషి గదిలో మిగిలిన 1,500 ఎవరిది? ట్రిపుల్‌లో అదనపు పరుపు ఎవరిది? మీ దగ్గర ఒంటరి గదికి అదనంగా తీసుకునే సింగిల్ సప్లిమెంటు వసూలై కూర్చుంది, మా దగ్గర పరుపు బిల్లు కూర్చుంది.

బండి కిలోమీటర్లదీ ఇదే వరస. మీ పట్టికలో చోటు నుంచి చోటుకు కూడితే 720 వచ్చిందనుకోండి. కడప నుంచి బెంగుళూరుకు ఖాళీగా పోయేది 250 దాకా, దింపి వచ్చేది ఇంకో 250. గ్యారేజీ నుంచి గ్యారేజీకి 1,220. బండి అద్దెలో కలిసేది రోజుకు 300 లెక్కన 4 రోజులకు 1,200. ఆ మిగిలిన 20 కిలోమీటర్ల కోసం మీ అకౌంట్స్ అబ్బాయి వారం రోజులు ఫోన్ చేస్తాడు. ఇంకోటి, 12 సీట్ల టెంపోలో 12 మంది కూర్చుంటే 12 ట్రాలీ పెట్టెలకు ఒళ్ళే దిక్కు. 17 సీట్లది అడగండి.

మీ మీల్ ప్లాను గురించి ఒక మాట. ‘ఏపీ’ అంటే మీ భాషలో అమెరికన్ ప్లాన్, మూడు పూటలా భోజనం. మా లాడ్జి మేనేజరుకు ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్. అందుకని వోచర్ మీద ‘మూడు పూటలా’ అని పక్కన తెలుగులో రాస్తున్నాం. జైనుల గ్రూపైతే ఉల్లి, వెల్లుల్లి, దుంపలు వద్దని రెండు రోజుల ముందు చెప్పండి. ఉగ్గాని మీద చేయి వేశాక కాదు.

ఇక డబ్బు. బుకింగుకు సగం, గ్రూపు దిగేలోపు మిగతా సగం అని ఒప్పందం. వాస్తవంలో ‘టూర్ అయ్యాక ఫీడ్‌బ్యాక్ చూసి’. జీఎస్టీ తీసేసి రేటు చెప్పమంటారు. ఒక టూర్ ఆపరేటరు ఇంకో టూర్ ఆపరేటరుకు కట్టిన పన్నును, 5 శాతం జీఎస్టీ దారిలో ఉన్నా, ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. ఆ దారిలో హోటలు పన్నుకు ఆ వీలు లేదు. అంటే మా బిల్లు పక్కాగా ఉండటం మీకే లాభం. ఇది మీ ఆడిటరుకు తెలుసు, మిమ్మల్ని కన్నవారికే తెలియదు.

చిట్టచివరి పేజీలో, చీమతలకాయంత అక్షరాల్లో ఒక చుక్క గుర్తు: ‘పరిస్థితులను బట్టి మార్పులుండవచ్చు.’ పైన నాలుగు పేజీలు మీవి, ఆ చుక్క మాది. గుడి మూసినా, వాన పడినా, గండికోట లోయలో పెన్నలో ఫోటోలో ఉన్నన్ని నీళ్ళు లేకపోయినా జవాబు చెప్పేది ఆ చుక్కే.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ బ్రోషర్‌లో పేరు లేని,
మీ గ్రూపు మొత్తం దగ్గర ఫోను నంబరు ఉన్న,
లోకల్ పార్టనర్లు

తా.క.: శుక్రవారం గ్రూపు రూమింగ్ లిస్టు ఇంకా రాలేదు. గండికోటలో పట్టి ఉంచిన 6 గదులు ఈ సాయంత్రం 6కు వదిలేస్తారు. అందులో ఇద్దరు విదేశీయులన్నారు. వాళ్ళు దిగిన 24 గంటల్లో వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, కాబట్టి పాస్‌పోర్టు, వీసా పేజీలు కూడా పంపండి. వాట్సాప్‌లో అడ్డంగా తీసిన ఫోటో కాకుండా స్కాన్ చేసి.