ఆ నంబర్ హార్డ్ డిస్క్‌ది కాదు, ఫార్మాట్‌ది

సీ భాషలో ప్రోగ్రామ్ రాసి, అది కొన్నవాళ్ల కంప్యూటర్‌లోనే నడిచేలా లైసెన్స్ లాక్ పెట్టాలనుకునేవాళ్ల మధ్య ఏళ్లుగా తిరుగుతున్న చిట్కా ఒకటుంది. "గెట్‌వాల్యూమ్‌ఇన్ఫర్మేషన్ అనే విండోస్ ఫంక్షన్‌ని ఒక్కసారి కాల్ చేస్తే చాలు, హార్డ్ డిస్క్ సీరియల్ నంబర్ వచ్చేస్తుంది. అది ఏ రెండు డిస్కులకీ ఒకటి కాదు, ఎవరూ మార్చలేరు. కంపెనీ వేసిన నంబరే కావాలంటే అడ్మిన్ హక్కులు ఉండాల్సిందే. లైనక్స్‌లో అయితే పరికరాన్ని నేరుగా అడిగే ఐఓసీటీఎల్ కాల్ ఒక్కదానితో పని అయిపోతుంది." నేనూ ఇది నమ్మి ఒక ప్రోగ్రామ్ అమ్మాను. అందుకే ఈ గోల.

మొదటి మాటే తప్పు. ఆ ఫంక్షన్ ఇచ్చేది వాల్యూమ్ సీరియల్ నంబర్, అంటే సీ, డీ లాంటి ఒక్కో డ్రైవ్‌కి ఉండే నంబర్. డిస్క్ తయారుచేసిన కంపెనీకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఫార్మాట్ చేసేటప్పుడు విండోస్ పుట్టించి, డ్రైవ్ మొదట్లో ఉండే బూట్ సెక్టార్‌లో రాసిపెట్టే సంఖ్య అది; ఫంక్షన్ మనకిచ్చేది 32 బిట్లు. కమాండ్ ప్రాంప్ట్‌లో డిర్ కొడితే పైన మధ్యలో గీతతో కనిపించేది ఇదే. ఒకే డిస్క్ మీద సీ, డీ అని రెండు డ్రైవులుంటే రెండు నంబర్లు వస్తాయి. మరి వాటిలో డిస్క్‌ది ఏది?

ఎవరూ మార్చలేరన్నది ఇంకా విడ్డూరం. మళ్లీ ఫార్మాట్ చేస్తే చాలు, మారిపోతుంది. ఆ శ్రమ కూడా ఎందుకనుకునేవాళ్లకి మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌లోనే వాల్యూమ్‌ఐడీ అనే చిన్న టూల్ ఉంది. నాకు దెబ్బ తగిలింది మాత్రం అటువైపు నుంచి కాదు. ఒక ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌ని సిద్ధం చేసి, ఆ డిస్క్‌ని ఉన్నదున్నట్టు మిగతా వాటన్నిటికీ క్లోన్ చేశారు. బూట్ సెక్టార్ కూడా కాపీ అయింది కదా, ఒక్క లైసెన్స్‌తో గదంతా హాయిగా నడిచింది. ఎవరూ దొంగతనం చేయలేదు. ఆ తర్వాత డబ్బు కట్టిన ఒకాయన విండోస్ మళ్లీ వేసుకుంటే, నా ప్రోగ్రామ్ ఆయన్ని గుర్తుపట్టలేదు!

అడ్మిన్ సంగతికొస్తే, ఈ అపోహకి కారణం ఉంది. చాలామంది ఫిజికల్‌డ్రైవ్0ని (విండోస్‌లో మొదటి డిస్క్ పేరు) క్రియేట్‌ఫైల్ అనే ఫంక్షన్‌తో తెరిచేటప్పుడు రీడ్, రైట్ రెండూ అడుగుతారు. మామూలు యూజర్‌కి విండోస్ కుదరదంటుంది. యాక్సెస్ దగ్గర సున్నా ఇచ్చి చూడండి, తెరుచుకుంటుంది. దాని మీద, పరికరానికి ఆదేశాలు పంపే డివైస్‌ఐఓకంట్రోల్ ఫంక్షన్‌తో స్టోరేజ్ క్వెరీ ప్రాపర్టీ అడిగితే డిస్క్ వివరాల స్ట్రక్చర్ వస్తుంది. సీరియల్ నేరుగా అందులో ఉండదు, అది ఎన్నో బైట్ దగ్గర మొదలవుతుందో చెప్పే ఆఫ్‌సెట్ ఉంటుంది. అది సున్నా అయితే సీరియల్ లేదని అర్థం. ఈ చెక్ మరిచిపోతే స్ట్రక్చర్ మొదటి బైట్ నుంచే ప్రింట్ అవుతుంది. అక్కడుండేది వెర్షన్, దాని విలువ 40. అక్షరాలకి సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో 40 అంటే ఎడమ బ్రాకెట్. కస్టమర్ పంపిన స్క్రీన్‌షాట్‌లో సీరియల్ స్థానంలో ఒంటరిగా ఒక బ్రాకెట్ ఉంటే, తప్పు డిస్క్‌ది కాదు, మనదే.

హార్డ్ డిస్కులతో మాట్లాడే ఏటీఏ ప్రమాణంలోని ఐడెంటిఫై కమాండ్‌ని నేరుగా పంపేవాళ్లకి ఇంకో తలనొప్పి. 512 బైట్లు వస్తాయి, 10 నుంచి 19 వరకు వర్డ్‌లలో (వర్డ్ అంటే రెండు బైట్లు) 20 అక్షరాల సీరియల్ ఉంటుంది. కానీ ప్రతి వర్డ్‌లోనూ మొదటి అక్షరం పై బైట్‌లో కూర్చుంటుంది. మన ప్రాసెసర్లు కింది బైట్‌ని ముందు పెడతాయి కాబట్టి 123456 అని ఉండాల్సింది 214365 అని చదువుతాం. రెండేసి బైట్లు తిప్పి, చుట్టూ ఉన్న స్పేస్‌లు తీసేయాలి.

లైనక్స్ మాట క్లుప్తంగా. అందరూ చెప్పే ఐఓసీటీఎల్, హెచ్‌డీఐఓ గెట్ ఐడెంటిటీ, ఏటీఏ డిస్కులకే; ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీలు దానికి పలకవు. ఎన్‌వీఎంఈ అయితే, పరికరాల వివరాల్ని ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో సీరియల్ అనే ఫైల్‌ని మామూలు ఎఫ్‌ఓపెన్‌తో చదువుకోవచ్చు.

ఇంత కష్టపడి తెచ్చిన అసలు నంబర్ కూడా దేవుడిచ్చిందేం కాదు. యూఎస్‌బీ పెట్టెలో పెట్టిన డిస్క్‌ని అడిగితే ఒక్కోసారి ఆ పెట్టెలోని చిప్ తన నంబర్ చెబుతుంది. చాలా డిస్కుల్ని కలిపి ఒకటిగా చూపే రెయిడ్ కార్డ్ వెనక ఉంటే కార్డ్ చెప్పిందే వేదం. వర్చువల్ మెషీన్‌లో మనం ఏది టైప్ చేస్తే అదే సీరియల్. ఏటీఏ ప్రమాణం కూడా ఒక్క సీరియల్‌నే నమ్మమనలేదు. మోడల్, సీరియల్ రెండూ కలిపితేనే ఆ కంపెనీ డిస్కుల్లో ప్రత్యేకం అంటుంది. నా ప్రోగ్రామ్ ఇప్పుడు ఆ రెండూ కలిపి చూస్తుంది. సీరియల్ ఖాళీగా వస్తే తలుపు మూయకుండా, నాకు మెయిల్ చేయమని అడుగుతుంది.